అనంతపురం కరువు పీఠభూమిలో నాయకత్వ శిక్షణ

అనంతపురం పీఠభూమిలో నాయకత్వ శిక్షణకు బడులు పొదుపు సంఘాలు, వాటర్‌షెడ్ కమిటీలు, కూలీల బృందాలు, బోరు నీళ్లు పంచుకున్న రైతుల జట్లు. 1969లో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్డీటీ) ఇక్కడ పని మొదలుపెట్టిన నాటి నుంచి నేటి ప్రకృతి వ్యవసాయ బృందాల దాకా అనేక సంస్థలు చిన్న రైతులకు, కూలీలకు, అందులోనూ ఆడవాళ్లకు, సమావేశం నడపడం, లెక్క రాయడం, తీర్మానం చేయడం, బ్యాంకు మేనేజరు ఎదుట కూర్చుని మాట్లాడడం, తగవు తెగ్గొట్టడం నేర్పాయి. ఈ అరవై ఏళ్లకు దగ్గరపడుతున్న అనుభవంలో మంచి వక్తలు చాలామంది తయారయ్యారు. అయితే సంఘం నిలవడానికీ వక్తృత్వానికీ పెద్దగా సంబంధం కనబడదు. పుస్తకంలోని లెక్కను నలుగురి ముందు పైకి చదివే అలవాటు ఉన్నచోట సంఘాలు నిలిచాయి. అది లేనిచోట ఎంత చురుకైన లీడరున్నా కూలిపోయాయి.

నేల, వాన, నిర్ణయం

పూర్వపు అనంతపురం జిల్లా 2022 ఏప్రిల్ 4న అనంతపురము, శ్రీ సత్యసాయి జిల్లాలుగా విడిపోయింది. ఇక్కడ అనంతపురం అన్నప్పుడల్లా ఆ పాత జిల్లానే అనుకోవాలి. ఏడాదికి సగటు వాన సుమారు 550 మి.మీ. నైరుతి మేఘాలకు పడమటి కనుమలు అడ్డు, ఈశాన్య మేఘాలకు తీరం దూరం. రాజస్థాన్‌లోని జైసల్మేరు తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లా ఇదేనని చెప్పడం పరిపాటి. ఎర్ర నేలలు, పలుచటి మట్టి, అడుగున రాయి. జూన్, జూలైలలో పదును చూసుకుని విత్తిన వేరుశనగ ఊడలు దిగే వేళకు మూడు నాలుగు వారాలు చినుకు లేకపోతే, సెప్టెంబరులో ఎంత కురిసినా కాయ నిండదు. అంకెల్లో వర్షపాతం సరిపోయినట్టే ఉంటుంది, కళ్లంలో మాత్రం పంట ఉండదు.

ఇలాంటి చోట నాయకుడి ముందుకొచ్చే ప్రశ్నలు వేరు. కాలువ కింది ఊళ్లో సంఘం పెద్దకు పంచే పని ఎక్కువ. ఇక్కడ ఆపే పని ఎక్కువ. పక్క చేనిలో ఇంకో బోరు వేస్తానన్న దాయాదిని ఎలా ఆపాలి? పోయినేడు అప్పు కట్టలేకపోయిన ఆమెకు ఈ ఏడు విత్తనాలకు మళ్లీ అప్పివ్వాలా? కూలి పనుల జాబితాలో ముందు ఎవరి పేరు రాయాలి? ఇచ్చేవాడికి మంచిపేరు దానంతట అదే వస్తుంది. లేదని చెప్పి కూడా మంచిపేరు నిలుపుకోవాలంటే అందుకు తగిన నేర్పు కావాలి. ఆ నేర్పును ఎలా కల్పించాలన్నదే ఇక్కడి సంస్థలన్నీ తమ తమ పద్ధతుల్లో పట్టుకున్న ప్రశ్న.

1876–78 నాటి ధాత కరువులోను, జనం గంజి కరువుగా గుర్తుపెట్టుకున్న 1952 కరువులోను సాయం పైనుంచే వచ్చింది. ఊరివాళ్లు వరసలో నిలబడ్డారు. ఎవరికెంత అన్నది వాళ్లు నిర్ణయించలేదు, నిర్ణయించమని వాళ్లనెవరూ అడగనూ లేదు.

పెద్దరికపు వారసత్వం

1800లో నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాక ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఇక్కడే ఉండి పాళెగాళ్ల అధికారాన్ని అణచి రైత్వారీని నెలకొల్పాడు. పాళెగాడు పోయినా పెద్దరికం పోలేదు. రెడ్డి, కరణం పదవులు వంశపారంపర్యంగా సాగి, 1984లో ప్రభుత్వం గ్రామాధికారుల వ్యవస్థను రద్దు చేసేదాకా ఊరి లెక్క వాళ్ల చేతిలోనే ఉంది. లెక్క ఎవరి చేతిలో ఉంటే మాట వాళ్లదే అన్నది ఈ ఊళ్లకు అప్పటి నుంచీ తెలిసిన సంగతి.

పాత వ్యవస్థలో గమనించదగ్గ మనిషి ఒకడున్నాడు: చెరువు నీళ్లు పంచే నీరుగంటి. చాలాచోట్ల దళిత కుటుంబాలకు చెందినవాడు. తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ మడికి ఎంతసేపు పారించాలి అన్నది అతనే చూసేవాడు. ఆయకట్టులో తనకంటూ పెద్ద భూమి లేకపోవడమే అతని మాటకు బలమని చెరువుల గురించి రాసినవాళ్లు అంటారు. అది నిజమే కానీ సగమే. నీళ్లు పంచే అధికారం అతనికి ఇచ్చిన ఊరు, అతనికి ఊరి నడుమ కూర్చునే హక్కు ఇవ్వలేదు. అతనిది నిష్పాక్షికత అనాలో నిస్సహాయత అనాలో తేల్చడం కష్టం.

ఆధునిక రాజకీయాలకు ఈ జిల్లా ఇచ్చిన ఇద్దరు పెద్ద నాయకులు బావాబావమరుదులు. ఇల్లూరుకు చెందిన నీలం సంజీవరెడ్డి 1956లో ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి, 1977 నుంచి 1982 దాకా రాష్ట్రపతి. ఆయన భార్య నాగరత్నమ్మ సోదరుడు తరిమెల నాగిరెడ్డి కమ్యూనిస్టు. 1952 మద్రాసు శాసనసభ ఎన్నికల్లో జైల్లో ఉండే పోటీ చేసి అనంతపురంలో బావనే ఓడించాడు, 1969లో శాసనసభ్యత్వానికి రాజీనామా చేసి విప్లవోద్యమంలోకి వెళ్లాడు. ఒకరు పార్టీ యంత్రాంగాన్ని కట్టారు, మరొకరు రైతుకూలీలను కూడగట్టారు. ఇద్దరివీ భూమి ఉన్న కుటుంబాలే. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఫ్యాక్షన్ రాజకీయాలు వ్యక్తి చుట్టూ విధేయతను పేర్చే పాత పద్ధతినే తుపాకులతో, బాంబులతో బిగించాయి. ఊరి సంఘాలకు శిక్షణ ఇవ్వబోయిన ప్రతి సంస్థా ముందుగా ఎదుర్కొన్నది ఈ నీడనే: నాయకుడంటే మనవాళ్లను కాపాడేవాడు, ఎదుటివాళ్లను అణిచేవాడు అన్న తలపు.

ఆర్డీటీ: పనితోనే పాఠం

స్పెయిన్‌లోని బార్సిలోనాలో 1920లో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ జెసూట్ అనే క్రైస్తవ మత సంఘం సభ్యుడిగా 1952లో భారతదేశానికి వచ్చాడు. మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతంలో రైతులను కూడగట్టి బావులు తవ్వించిన తీరు అక్కడి పెద్దలకు నచ్చలేదు. 1968లో ఆయన దేశం విడిచి వెళ్లవలసి వచ్చింది. 1969లో తిరిగొచ్చి అనంతపురంలో స్థిరపడ్డాడు. 1970లో జెసూట్ సంఘాన్ని వీడి, అన్నే పెర్రీని పెళ్లాడాడు. 2009 జూన్ 19న మరణించేదాకా ఇక్కడే ఉన్నాడు.

ఆర్డీటీ తొలి పనులు బావులు, పొలం గట్లు, బడులు, ఇళ్లు. నాయకత్వం అన్న మాటతో వాళ్లు తరగతులు పెట్టలేదు. ఊళ్లో కమిటీ ఏర్పడాలి, పనికి ఎవరు అర్హులో ఆ కమిటీ తేల్చాలి, పని జరుగుతుంటే దగ్గరుండి చూడాలి. ఊళ్లో ఇల్లు లేనివాళ్లలో ముందు ఎవరికి అన్నది ఊరే చెప్పాలి. ఒకసారి తన మేనమామ పేరు ముందు రాయించిన కమిటీ సభ్యుడికి రెండోసారి జనం ముందు నిలబడడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. ఇళ్లను ఆడవాళ్ల పేరనే రాయించడం మరో చిన్న మార్పు. తన పేర కాగితం ఉన్న మనిషి సమావేశంలో ముందు వరసకు రావడానికి ఎవరి అనుమతీ అడగనవసరం లేదు. వికలాంగులకు విడిగా సంఘాలు పెట్టించడం ఇంకా ముందుచూపున్న పని. ఇంట్లోనే లెక్కలోకి రాని మనిషి సంఘం కార్యదర్శి అయితే, ఇల్లే కాదు మండల కార్యాలయం కూడా అతణ్ణి పేరు పెట్టి పిలవాల్సి వస్తుంది.

1982లో ఫెర్రర్ చేతుల మీదుగానే మొదలైన యాక్షన్ ఫ్రాటెర్నా, వై.వి. మల్లారెడ్డి సారథ్యంలో వర్షాధార రైతుల మీద దృష్టి పెట్టింది. ఊళ్లో సస్యమిత్ర బృందాలు, వాటిపైన గ్రామ సమాఖ్య, మండల సమాఖ్య, అన్నిటికీ పైన అపెక్స్ సమాఖ్య. ఒక్కో మెట్టుకూ నేర్పు మారుతుంది. ఊళ్లో వేరుశనగలో కంది, జొన్న అంతరపంటలు వేయమని పొరుగువాడికి నచ్చజెప్పడం ఒక పని. పంట బీమా ఎందుకు రాలేదని జిల్లా అధికారికి లెక్కలతో చెప్పడం మరో పని. మొదటిది బాగా వచ్చినవాడికి రెండోది రాకపోవచ్చు. చాలా సంస్థలు ఈ తేడాను పట్టించుకోక, ఊళ్లో బాగా పనిచేసినవాణ్ణి మండలానికి, మండలంలో బాగా మాట్లాడినవాణ్ణి జిల్లాకు ఎక్కిస్తూ పోయాయి.

పొదుపు సంఘం అనే బడి

జిల్లాలో అత్యధిక జనానికి నాయకత్వం నేర్పిన వ్యవస్థ పొదుపు సంఘమే. కర్ణాటకలో మైరాడా సంస్థ 1980ల మధ్యలో చేసిన ప్రయోగాలు, 1992లో నాబార్డు మొదలుపెట్టిన బ్యాంకు అనుసంధానం, అదే కాలంలో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం, డ్వాక్రా పథకం, ఇవన్నీ కలిసి ఆంధ్రప్రదేశ్ ఊళ్లలో ఆడవాళ్లను గుంపుగా కూర్చోబెట్టాయి. 1995లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం దక్షిణాసియా పేదరిక నిర్మూలన పథకాన్ని రాష్ట్రంలో మూడు జిల్లాల్లో నడిపింది: కర్నూలు, మహబూబ్‌నగర్, అనంతపురం. 2000లో ప్రపంచ బ్యాంకు సాయంతో వచ్చిన వెలుగు ప్రాజెక్టు తొలి ఆరు జిల్లాల్లోనూ అనంతపురం ఉంది. దాన్ని నడపడానికి ఏర్పడిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థే సెర్ప్. సంఘంలో పది నుంచి పదిహేను మంది, సంఘాలన్నీ కలిసి గ్రామ సమాఖ్య, పైన మండల సమాఖ్య, ఆపైన జిల్లా సమాఖ్య.

సంఘాన్ని నడిపే నియమాలకు పంచసూత్రాలని పేరు: క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, సొమ్మును సభ్యులకే అప్పుగా ఇచ్చుకోవడం, సకాలంలో తిరిగి కట్టడం, లెక్కలు సరిగ్గా రాయడం. చదివితే నీతి బోధలా ఉంటాయి. ఆచరణలో ఒక్కొక్కటీ ఒక్కో నాయకత్వ పాఠం. రోజుకో రూపాయి లెక్కన నెలకు 30 రూపాయల పొదుపుతో మొదలైన సంఘంలో డబ్బు తక్కువ, తగవు ఎక్కువ. సమావేశానికి ఆలస్యంగా వచ్చిన ఆమెకు జరిమానా వేయాలి; ఆమె లీడరుకు తోటికోడలు. ఇద్దరికి అప్పు కావాలి. ఒకామెకు కూతురి కాన్పు, మరొకామెకు గేదె. గుండ్రంగా కూర్చున్నవాళ్లలో ఎవరూ మాట్లాడకపోతే నిర్ణయం లీడరు మీద పడుతుంది, నిందా ఆమె మీదే పడుతుంది. కొన్ని నెలలు గడిచేసరికి తెలివైన లీడరు ఒక పని నేర్చుకుంటుంది. తన అభిప్రాయం చివరన చెప్పడం, ముందు ఒక్కొక్కరినీ పేరుతో అడగడం. మేనేజిమెంటు పుస్తకాలు అధ్యాయాలుగా రాసేది ఈ పనినే.

లెక్క రాయడం విడిగా చెప్పుకోవాలి. మొదట్లో చాలా సంఘాల్లో చదువొచ్చినవాళ్లు లేరు. పదో తరగతి చదివిన ఊరి అమ్మాయో, అబ్బాయో బుక్ కీపరుగా రాసేవాళ్లు. అక్కడే అధికారం దొంగదారిన చేతులు మారే ప్రమాదం ఉంది: రాసేవాళ్లకు తెలుసు, వేలిముద్ర వేసేవాళ్లకు తెలియదు. మంచి శిక్షకులు దీనికి కనిపెట్టిన విరుగుడు చాలా సాదాది. సమావేశం ముగిసే ముందు ఎవరు ఎంత కట్టారు, ఎవరి అప్పు ఎంత మిగిలింది, పెట్టెలో ఎంతుంది అన్నది పైకి చదవాలి. ఎవరి లెక్క వాళ్లు నోటికి చెప్పి సరిచూసుకోవాలి. అక్షరం రాని మనిషికి తన అప్పు లెక్క పైసలతో సహా గుర్తుంటుంది. ఆ జ్ఞాపకశక్తినే ఆడిట్‌గా మార్చిన పద్ధతి ఇది. శిక్షణల్లో ఆటలు, పాటలు, బొమ్మలు, పాత్రధారణలు చాలా వచ్చాయి, పోయాయి. ఈ చదివి వినిపించడానికి మించిన పాఠం మరొకటి కనబడదు.

రెండో పెద్ద ఆవిష్కరణ శిక్షకులు ఎవరన్నది. సెర్ప్ తొలినాళ్ల అధికారులు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు చెప్పిన పాఠాల కన్నా, సొంతంగా అప్పు తీసుకుని, కట్టి, బయటపడిన మరో ఊరి మహిళ చెప్పిన మాట ఎక్కువ పనిచేసింది. అలాంటి వాళ్లను కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లు, వాడుకలో సీఆర్పీలు అన్నారు. నలుగురైదుగురు జట్టుగా ఒక ఊరికి వెళ్లి పదిహేను రోజులు అక్కడే ఉండి, ఇల్లిల్లూ తిరిగి, సంఘాలు కట్టి వచ్చేవాళ్లు. తర్వాత బీహారు జీవిక పథకానికి, 2011లో మొదలైన జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్‌కూ ఈ పద్ధతి నమూనా అయింది. హిందీ సరిగా రాని తెలుగు మహిళలు ఉత్తరాది ఊళ్లలో సంఘాలు కట్టించారు. వాళ్లలో చాలామందికి అదే మొదటి దూర ప్రయాణం.

టింబక్టు: సభ్యులే యజమానులు

1990లో సి.కె. గంగూలీ (అందరికీ బబ్లూ), మేరీ వట్టమట్టం, మిత్రులు కలిసి చెన్నేకొత్తపల్లి దగ్గర 32 ఎకరాల బీడు కొని మొదలుపెట్టిన టింబక్టు కలెక్టివ్ మరో దారి పట్టింది. ప్రభుత్వ పథకాల సంఘాలు కాకుండా సొంత సహకార సంఘాలు. వాటికి 1995 నాటి ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ఊతమిచ్చింది. పాత సహకార చట్టం కింద ప్రభుత్వం వాటా పెట్టేది, అధికారిని కూర్చోబెట్టేది, పాలకవర్గాన్ని రద్దు చేసేది. కొత్త చట్టం ఆ తలుపు మూసింది: సొమ్ము సభ్యులది, ఎన్నిక సభ్యులది, నష్టం కూడా సభ్యులదే. చెన్నేకొత్తపల్లి, రొద్దం, రామగిరి ప్రాంతాల్లో మహిళల పొదుపు సహకార సంఘాలు మహాశక్తి సమాఖ్యగా ఏర్పడ్డాయి.

2008లో నమోదైన ధరణి రైతుల సహకార సంఘం చిరుధాన్యాలు, వేరుశనగ, పప్పులు రసాయనాలు లేకుండా పండించి, కొని, శుభ్రం చేసి, టింబక్టు ఆర్గానిక్ పేరుతో అమ్ముతుంది. పొలంలో మందు కొట్టలేదని ధ్రువీకరించేది బయటి ఇన్‌స్పెక్టరు కాదు, తోటి రైతులే. దీన్ని భాగస్వామ్య హామీ పద్ధతి అంటారు. పక్క పొలంలో యూరియా బస్తా కనబడితే చెప్పాలి. చెబితే స్నేహం పోతుంది, చెప్పకపోతే అందరి సరుకూ పేరు పోగొట్టుకుంటుంది. నాయకత్వ శిక్షణ అంటే ధైర్యం నూరిపోయడం అనుకుంటాం. ఇక్కడ అది మాట మీద నిలబడే నియమం ముందే రాసుకోవడం: ఎన్నిసార్లు చూడాలి, ఎవరెవరు కలిసి చూడాలి, తప్పు దొరికితే ఏం చేయాలి. నియమం ముందే ఉంటే ఫిర్యాదు వ్యక్తిగత కక్ష అనిపించుకోదు.

ధరణి లాంటి సంస్థలో ఇంకో చిక్కు ఉంది. పాలకవర్గంలో రైతులు, వాళ్ల కింద మార్కెటింగు, అకౌంట్లు తెలిసిన ఉద్యోగులు. జీతగాడికి వ్యాపారం తెలుసు, యజమానికి తెలియదు. యజమాని జీతగాణ్ణి ఎలా ప్రశ్నించాలి? నిల్వ ఉన్న సరుకు విలువ, రావలసిన బాకీలు, కొనుగోలుకు ఎప్పుడు ఎంత నగదు కావాలి, ఈ మూడూ అడగడం వస్తే బోర్డు బతుకుతుంది. 2020 నుంచి కేంద్ర పథకం కింద దేశమంతా పుట్టుకొచ్చిన రైతు ఉత్పత్తిదారుల సంస్థలకు ఎదురవుతున్నదీ ఇదే చిక్కు. డైరెక్టర్ల శిక్షణ పేరిట వాటికి చెప్పేది ఎక్కువగా చట్టం, తక్కువగా నగదు లెక్క.

ముష్టికోవెల పరిసరాల్లోని కల్పవల్లి కొండలు ఇంకో రకం బడి. బోడి గుట్టల మీద ఊళ్లు కలిసి గడ్డిని, ఈత చెట్లను, అడవిని తిరిగి తెచ్చాయి. వేసవిలో నిప్పు రేగితే వెంటనే పరుగెత్తే జట్లు ఏర్పడ్డాయి. గాలిమరల కంపెనీ రోడ్లు వేస్తూ ఆ కొండలెక్కినప్పుడు తేలింది అసలు లోటు. నిప్పును ఆపగలిగిన సంఘానికి ఆ భూమి మీద కాగితపు హక్కు లేదు.

నీళ్ల లెక్క

2003 నుంచి కొన్నేళ్లు ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ సహకారంతో, నెదర్లాండ్స్ నిధులతో నడిచిన రైతుల భూగర్భజల యాజమాన్య పథకం (ఏపీఫామ్స్) అనంతపురం సహా ఏడు కరువు జిల్లాల్లో, 600కు పైగా గ్రామాల్లో ఒక అరుదైన ప్రయోగం చేసింది. భూగర్భ జలాల మీద 2002 నాటి వాల్టా చట్టం ఉంది. బోరుకు అనుమతి కావాలి. ఆచరణలో ఎవరూ ఎవరినీ ఆపలేదు. ఈ పథకం ఎవరినీ ఆపాలని చూడలేదు. రైతులకు వానకొలత పాత్ర, బావి లోతు కొలిచే పరికరం ఇచ్చి, వాళ్ల చేతే కొలిపించి, ఊళ్లో బోర్డు మీద రాయించింది. రైతు నీటి పాఠశాలల్లో ఆ అంకెల అర్థం నేర్పింది. ఖరీఫ్ ముగిశాక, రబీకి ముందు, ఒకే నీటి పరివాహకంలోని ఊళ్లవాళ్లు కలిసి లెక్క వేసేవాళ్లు: భూమిలోకి ఇంకిన నీళ్లెన్ని, అందరూ అనుకున్న పంటలు వేస్తే కావలసినవెన్ని. వరి వేస్తే లోటు ఎంతో గోడ మీద కనబడేది. ఆపైన ఎవరి పొలం వాళ్ల ఇష్టం. జరిమానా లేదు, నిషేధం లేదు. చాలామంది వరి తగ్గించుకున్నారు.

ఇందులో నాయకుడి పాత్ర ఏమిటి? ఆజ్ఞాపించేవాడు లేడు, ఒప్పించేవాడు కూడా దాదాపు లేడు. ప్రతి పదిహేను రోజులకూ బావిలోకి తాడు వదిలి, వచ్చిన అంకెను మార్చకుండా రాసే మనిషి ఉన్నాడు. ఆ అంకె తన బావమరిది వరికి అడ్డుపడినా సరే. నిర్ణయం చెప్పేవాడి కన్నా సమాచారాన్ని నమ్మకంగా ఉంచేవాడికి విలువ ఇచ్చిన నాయకత్వం ఇది. పొదుపు సంఘంలో పైకి చదివిన లెక్కకు, ఊరి బోర్డు మీద రాసిన నీటి మట్టానికి చుట్టరికం ఉంది.

వాసన్ సంస్థ తోడ్పాటుతో కొన్ని ఊళ్లు ఇంకో అడుగు వేశాయి. బోరున్న రైతులు, లేని రైతులు ఒప్పందానికి వచ్చారు. లేనివాళ్లు కొత్త బోర్లు వేయరు. ఉన్నవాళ్లు పైపులతో వాళ్ల మెట్ట పంటకు గండం గడిపే ఒకటి రెండు తడులు ఇస్తారు. బోరున్నవాడికి త్యాగంలా కనబడుతుంది కానీ పక్కన ఇంకో బోరు పడితే తనది ఎండుతుందన్న భయం అతని వెనకే ఉంది. ఈ భయాన్ని, బోరు లేనివాళ్లకు తడి మీదున్న ఆశను ఒకే కాగితం మీదికి తేవడానికి ఊళ్లకు ఎన్నో సమావేశాలు పట్టాయి.

1995 నుంచి అమలైన వాటర్‌షెడ్ మార్గదర్శకాలు కూడా ఊరి కమిటీకే నిధులు, సంతకం ఇచ్చాయి. కట్టలు కట్టారు, చెక్ డ్యాములు కట్టారు. డబ్బున్నన్నాళ్లు కమిటీ ఉంది.

కూలీలు, తనిఖీ, ప్రపంచం

జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న ఈ జిల్లాలోని నార్పల మండలం బండ్లపల్లిలో మొదలైంది. తొలి ఏళ్లలోనే రాష్ట్రం సామాజిక తనిఖీని పథకంలో భాగం చేసింది. 2009లో దానికి ప్రత్యేక సంస్థ ఏర్పడింది. కూలీ కుటుంబాల్లోని చదువుకున్న యువతను ఎంచి, మస్టర్లు చదవడం, పని కొలవడం, ఇంటింటికీ వెళ్లి కూలి ముట్టిందా అని అడగడం నేర్పి, చివరన మండలంలో ప్రజావేదిక మీద అధికారుల ఎదుట ఆ వివరాలు చదివించారు. ఇరవై ఏళ్ల కూలీ బిడ్డ చేతిలో కాగితం పట్టుకుని అధికారిని వివరణ అడగడం ఈ జిల్లా చరిత్రలో చిన్న సంగతి కాదు.

ప్రపంచ పరిశోధనతో పోల్చి చూసేవారికి కొన్ని పేర్లు. కర్ట్ లెవిన్ బృందం 1939లో పిల్లల క్లబ్బులపై ప్రచురించిన ప్రయోగంలో, నిరంకుశ నాయకుడి కింద పిల్లలు అతనున్నంతసేపే ఎక్కువ పనిచేశారు. అతను బయటికి వెళ్లగానే పని తగ్గింది. రాబర్ట్ గ్రీన్‌లీఫ్ 1970లో సేవక నాయకత్వం గురించి రాశాడు. పౌలో ఫ్రేరే బోధన 1970లు, 80లలో భారతీయ స్వచ్ఛంద సంస్థలకు గట్టి ప్రేరణ. అనంతపురానికి వీటన్నిటికన్నా దగ్గరి మనిషి ఎలినార్ ఆస్ట్రమ్: 1990లో ఉమ్మడి వనరులపై పుస్తకం, 2009లో అర్థశాస్త్ర నోబెల్. వాడేవాళ్లే నియమాలు చేసుకుని, వాళ్లలో వాళ్లే కాపలా కాసుకున్నచోట ఉమ్మడి వనరు నిలుస్తుందని ఆమె చూపింది.

ఎక్కడ బెసికింది

సంఘం నియమావళిలో లీడర్లు మారాలని ఉంటుంది. చాలా ఊళ్లలో మొదటి లీడరు ఏళ్ల తరబడి ఆమే. స్వార్థం ఒక్కటే కారణమనడం తేలిక. బ్యాంకులో సంతకాలు మార్చాలంటే తీర్మానం, ఫొటోలు, నాలుగు తిరుగుళ్లు. మేనేజరుకు పాత ముఖమే సుఖం. సభ్యులకు కూలి మానుకుని మండలానికి పోవడం నష్టం. అందరి సౌకర్యం కలిసి ఒకే మనిషిని కుర్చీలో కూర్చోబెట్టేస్తుంది. క్రమంగా ఆమె అప్పు ఇప్పించే మనిషిగా, తర్వాత సభలకు జనాన్ని తెచ్చే మనిషిగా మారుతుంది.

2010 నాటికి మైక్రోఫైనాన్స్ కంపెనీలు ఇవే సంఘాల గుమ్మాల్లో అప్పుల మీద అప్పులు పోశాయి. ఆ ఏడు అక్టోబరులో వాటిని అదుపు చేయడానికి ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చేదాకా పరిస్థితి వచ్చింది. 2014 ఎన్నికల వేళ రుణమాఫీ హామీలు మరో దెబ్బ. కట్టండి, కట్టకపోతే సంఘం పరువు పోతుంది అని ఏళ్లుగా చెప్పిన లీడరు ఆ రోజుల్లో తెలివితక్కువదిగా కనబడింది. కట్టకుండా ఆగమన్నామె దూరదృష్టి గలదైంది. నాయకత్వ శిక్షణకు ఎన్ని కోట్లు పెట్టినా ఇలాంటి ఒక్క హామీ చెరిపేయగలదన్న సంగతి విధాన పత్రాల్లో రాయరు.

పంచాయతీల్లో ఆంధ్రప్రదేశ్ 2011లో మహిళా రిజర్వేషన్‌ను 50 శాతానికి పెంచింది. సర్పంచ్ భర్త పాలన ఇంకా పోలేదు. పొదుపు సంఘంలో పదేళ్లు లెక్క నడిపిన మహిళ సర్పంచ్ అయినచోట భర్త కుర్చీ వెనక్కి జరుగుతుంది. నేరుగా ఇంట్లోంచి అభ్యర్థి అయినచోట జరగదు. పార్టీలు రెండో రకాన్నే ఇష్టపడతాయి.

సంస్థల స్థాయిలో చిక్కు వేరు. ఆర్డీటీలో ఫెర్రర్ తర్వాత అన్నే, కొడుకు మాంచో బాధ్యతలు మోశారు. జిల్లావాసులైన ఉద్యోగులు వేలాదిగా పనిచేశారు. జనం మాత్రం ఫెర్రర్‌ను దేవుడిగా కొలిచారు, విగ్రహాలు పెట్టారు. కమిటీల చేత నిర్ణయాలు చేయించిన మనిషికి ఇంతకన్నా విడ్డూరమైన నివాళి ఉండదు. పెద్ద వ్యవస్థాపకుడి సంస్థలో రెండో వరస ఎంత బలంగా ఉన్నా, చివరి మాట కోసం అందరూ ఒకే ఇంటివైపు చూస్తారు.

ఇప్పటి దశ

2016 నుంచి రైతు సాధికార సంస్థ నడుపుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం పొదుపు సంఘాల పునాది మీదే నిలిచింది. దాన్ని నడిపించిన టి. విజయకుమార్ అంతకుముందు సెర్ప్‌కు సారథి. ఊళ్లో శిక్షకులు ఆ పద్ధతిలో పంట తీసిన రైతులే. రుతుపవనాలకు ముందే పొడి దుక్కిలో రకరకాల విత్తనాలు చల్లే పద్ధతి అనంతపురం మెట్టల్లో బాగా ప్రచారమైంది. తన చేనిలో పచ్చదనం చూపించగలిగినంత కాలమే ఆ శిక్షకుడి మాటకు విలువ. ఇక్కడ సర్టిఫికెట్టు గోడ మీద కాక గట్టు మీద ఉంటుంది.

ఆర్డీటీ క్రీడాప్రాంగణంలో, 2010లో మొదలైన నాదల్ టెన్నిస్ పాఠశాలలో పిల్లలకు జట్టు నడపడం ఆట ద్వారా వస్తోంది. మరోవైపు వలస సంఘాలను మెల్లగా ఖాళీ చేస్తోంది. వేసవి వస్తే బెంగళూరు భవన నిర్మాణాలకు, ఇంకా దూరాలకు పోయినవాళ్లు సమావేశాలకు ఉండరు. కోరం వృద్ధులతో, కోడళ్లతో నిండుతుంది. లెక్కలు కూడా ఫోన్లలోకి చేరుతున్నాయి. మొబైల్ బుక్ కీపింగుతో తప్పులు తగ్గాయి, బ్యాంకుకు సమాచారం వెంటనే అందుతోంది. అయితే పుస్తకం నడుమ పెట్టి కూర్చున్నప్పుడు అందరికీ కనబడిన లెక్క ఇప్పుడు ఒక్కరి అరచేతిలోని తెరమీద ఉంటుంది. అంకెలు ఎక్కించడం ముగియగానే సమావేశం ముగించేసే సంఘాలు ఉన్నాయి. ఎక్కించినదాన్ని పైకి చదవమని పట్టుబట్టే సంఘాలూ ఉన్నాయి. శిక్షకులు ఇప్పుడు కొత్త లీడర్లకు ఇచ్చే పాఠాల్లో ఫోను పట్టుకోవడంతో పాటు దాన్ని గుండ్రం మధ్యలోకి తిప్పి అందరికీ చూపించడం కూడా చేర్చవలసి వస్తోంది.